నాడి దొరకని సర్వేరాయుడు

2019 మే 23. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని జగ్గయ్యపేట, నందిగామ నియోజకవర్గాల ఓట్లు లెక్కపెట్టారు. రెండు చోట్లా వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. రాష్ట్రం మొత్తం మీద 175 స్థానాల్లో ఆ పార్టీకి 151, తెలుగుదేశానికి 23, జనసేనకు 1 వచ్చాయి. సరిగ్గా నాలుగు రోజుల ముందు తిరుపతిలో లగడపాటి రాజగోపాల్ చెప్పిన లెక్క వేరు. తెలుగుదేశానికి 100, పది అటూ ఇటూ. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 72, ఏడు అటూ ఇటూ. ఆ అటూ ఇటూలన్నీ కలిపి లాగినా నిజం అందలేదు. పదేళ్లు ఆయన్ని పార్లమెంటుకు పంపిన జనమే ఈ జగ్గయ్యపేట, నందిగామ జనం. కనీసం వాళ్ల మనసులో ఏముందో కూడా ఆయనకు దొరకలేదు. మర్నాడు ఒక ప్రకటన వచ్చింది. ఇక ముందు సర్వేలకు దూరంగా ఉంటానన్నది దాని సారాంశం.

ఒక మనిషి ఓడినప్పుడు పొంగిపోవడం మా పద్ధతి కాదు. కానీ ఒకరు దుకాణం మూస్తే ఆ వ్యాపారం ఆగలేదు. పదింతలు పెరిగింది. మన ఎమ్మెల్యే ఎవరో, మనం ఎవరికి ఓటు వేయబోతున్నామో, మన ఊరు ఏమనుకుంటున్నదో మనకంటే ముందు ఎవడో చెప్పేస్తున్నాడు. ఏ ఊరికి పోయాడో, ఎవరిని అడిగాడో, ఎవరి పైసలతో అడిగాడో మాత్రం చెప్పడు. అందుకే ఈ సర్వేరాయుడి కథను మళ్లీ ఒకసారి మొదటి నుంచి చదువుకోవాల్సిన అవసరం ఉందని మేం భావిస్తున్నాం.

లగడపాటి పేరు వింటే తెలంగాణలో ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది సర్వే కాదు. లాంకో అధిపతులలో ఒకరిగా, పారిశ్రామికవేత్తగా రాజకీయాల్లోకి వచ్చారు. 2004లో కాంగ్రెస్ తరఫున విజయవాడ నుంచి సినీ నిర్మాత అశ్వనీదత్‌పై లక్షకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. 2009లో మళ్లీ గెలిచారు గానీ ఆధిక్యం పన్నెండు వేల పైచిలుకుకు పడిపోయింది. అదే ఏడాది డిసెంబరు 9న తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించగానే రాజీనామా అన్నారు, దీక్ష అన్నారు. విజయవాడ ఆస్పత్రి నుంచి తప్పించుకుని హైదరాబాదు నిమ్స్‌లోకి పరుగున వచ్చి చేరిన దృశ్యాన్ని అప్పుడు విద్యార్థులుగా రోడ్ల మీద ఉన్న మేం టీవీల్లో చూశాం. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో మిరియాల ద్రావణం చల్లిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. అదే నెల 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో బిల్లు గట్టెక్కింది. రాష్ట్రం విడిపోతే రాజకీయాల నుంచి తప్పుకుంటానని అన్న మాట ప్రకారం ఆయన తప్పుకున్నారు. ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నందుకు ఆయనను తప్పుపట్టాల్సిన పని లేదు.

రాజకీయం వదిలారు గానీ రాజకీయం చెప్పడం వదల్లేదు. ఎన్నికలు వస్తే చాలు, 'లగడపాటి సర్వే ఏమంటున్నది' అన్న ప్రశ్న కోస్తా జిల్లాల టీ కొట్లలో పుట్టేది. 2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీల్లో గెలుపోటములు ముందే చెప్పిందని పేరుపడ్డ జర్మనీ ఆక్టోపస్ పేరు ఆయనకు అంటుకుంది. 'ఆంధ్రా ఆక్టోపస్' అన్నారు. 2014 ఫలితాల తర్వాత ఆ పేరు ఇంకా గట్టిపడింది. నాలుగుసార్లు నిజమైన జోస్యానికి అయిదోసారి ఎవరూ ప్రశ్న వేయరు. అక్కడే మోసపోతాం.

2018 తెలంగాణ ఎన్నికలు వచ్చాయి. నవంబరు 30న తిరుపతిలో మొదలుపెట్టారు. ఎనిమిది నుంచి పది మంది స్వతంత్రులు గెలుస్తారన్నారు. అందులో నారాయణపేట, బోథ్ పేర్లు బయటపెట్టారు. డిసెంబరు 4న హైదరాబాదులో విలేకరుల ముందుకు వచ్చి, గాలి ప్రజాకూటమి వైపు ఉందన్నారు. ఇది పోలింగుకు మూడు రోజుల ముందు మాట. ఈలోగా, నవంబరులో తనకు పంపిన సందేశంలో టీఆర్ఎస్‌కే ఆధిక్యం ఉందని ఇదే మనిషి చెప్పాడంటూ కే.టీ.ఆర్. ఆ సందేశాన్ని బయటపెట్టారు. అది పాత లెక్క, తర్వాత పరిస్థితి మారిందని లగడపాటి జవాబిచ్చారు. డిసెంబరు 7న పోలింగు ముగియగానే చివరి లెక్క వచ్చింది. కూటమికి 65, టీఆర్ఎస్‌కు 35, రెండింటికీ పది అటూ ఇటూ. బీజేపీకి 7, స్వతంత్రులకు 7, వీటికి రెండు అటూ ఇటూ.

డిసెంబరు 11న తెలంగాణ తీర్పు వచ్చింది. 119 స్థానాల్లో టీఆర్ఎస్‌కు 88. కాంగ్రెస్‌కు 19, తెలుగుదేశానికి 2. బీజేపీకి 1. స్వతంత్రులు ఏడుగురు కాదు, ఒకే ఒక్కరు. నారాయణపేట, బోథ్ రెండు చోట్లా టీఆర్ఎస్ గెలిచింది.

అప్పుడు చాలామంది నవ్వారు, తిట్టారు, సామెతలు కట్టారు. ఆ లెక్క ఎందుకు తప్పిందో మాత్రం ఎవరూ ఓపికగా చూడలేదు. మేం చూశాం. ఒక విచిత్రం కనిపించింది. లగడపాటి లెక్క తెలంగాణలో ఒక చోట మాత్రం దాదాపు నిజమైంది. అది పాత ఖమ్మం జిల్లా. అక్కడి పది స్థానాల్లో కాంగ్రెస్‌కు ఆరు, తెలుగుదేశానికి రెండు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద గెలిచిన ఒకే ఒక్క స్వతంత్రుడు కూడా వైరాలోనే గెలిచాడు. టీఆర్ఎస్‌కు మిగిలింది ఖమ్మం ఒక్కటే. ఇక పటం తీసి చూడండి. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు గట్టు దాటితే వచ్చేది ఆ ఖమ్మం జిల్లానే. పెళ్లి సంబంధాలూ, పత్తి బేరాలూ, ఆస్పత్రి ప్రయాణాలూ అటూ ఇటూ నడిచే ప్రాంతం అది. తన పాత నియోజకవర్గం గట్టు మీద నిలబడి కనుచూపు మేర కనిపించిందంతా తెలంగాణ అనుకున్నారన్నది మా అభిప్రాయం. ఆదిలాబాదు ఆ గట్టు మీంచి కనిపించదు. పాలమూరు కనిపించదు. సిద్దిపేట, సిరిసిల్ల అసలే కనిపించవు.

ఈ చూపు కొత్తది కాదు. 2009 నుంచి 2014 దాకా మనం చూసింది ఇదే చూపు. తన చుట్టూ కూర్చున్న నలుగురు ఏమంటే అదే ప్రజల మాట అనుకోవడం. తెలంగాణ కావాలంటున్నది కొద్దిమంది రాజకీయ నిరుద్యోగులేనని అన్నవాళ్లు ఏ ఊళ్లో ఎవరిని అడిగారు? 2010 జూలైలో రాజీనామాలు చేసి మళ్లీ ప్రజల ముందుకు పోతే 12 స్థానాల్లో 11 టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలిచాయి. అది సర్వే కాదు, పెట్టెలో పడ్డ ఓటు. అయినా వినలేదు. 2011లో ఉద్యోగులు, కార్మికులు 42 రోజులు సకల జనుల సమ్మె చేస్తే అప్పుడూ వినలేదు. వినడం ఇష్టం లేనివాడికి లెక్కపెట్టడం రాదు. 2018లో తప్పింది అంకగణితం కాదు, ఆ చెవుడే.

ఆయన ఎవరి కోసమో కావాలని తప్పు చెప్పారని అప్పుడు కొందరు అన్నారు. దానికి రుజువు లేదు, రుజువు లేని మాట మేం అనం. మేం అనేది ఇంతే. నాడి చూసేవాడు మందు అమ్మేవాడు కాకూడదు. మందు అమ్మేవాడు చెయ్యి పట్టుకుంటే ప్రతి రోగానికీ తన సీసాలోని మందే కనిపిస్తుంది. అది అబద్ధం కూడా కానక్కరలేదు. తనకు కావలసింది తనకు నిజంగానే కనిపిస్తుంది. అందుకే అది అబద్ధం కంటే ప్రమాదం.

అయిదు నెలలకు మళ్లీ అదే జరిగింది. 2019 ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు అయింది. లెక్కింపు మే 23న. మధ్యలో 42 రోజులు. ఆ నిరీక్షణలో పందాల రాయుళ్లకు పండుగ. మే 18న లగడపాటి విలేకరులతో తెలంగాణ కారెక్కింది, ఆంధ్ర సైకిలెక్కిందన్న ధోరణిలో మాట్లాడారు. మర్నాడు అంకెలు ఇచ్చారు. తెలంగాణ లోక్‌సభ స్థానాల్లో టీఆర్ఎస్‌కు 14 నుంచి 16 అన్నారు. వచ్చింది 9. బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 3 పోయాయి. ఆంధ్రలో ఏమైందో పైనే చెప్పాం. ఆయన మాట నమ్మి పందాలు కాసి పోగొట్టుకున్న వాళ్ల కథలు అప్పటి పత్రికల నిండా వచ్చాయి. ఎకరం అమ్మినవాడి గోడు ఏ సర్వే కాగితంలోనూ ఉండదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. సర్వే అంటే ఏమిటి? అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూడటం. కుండను బాగా కలిపి, ఎక్కడి మెతుకైనా చేతికి వచ్చేలా తీస్తే ఆ పరీక్ష నిజమే. ఎంపిక నిజంగా యాదృచ్ఛికంగా జరిగితే వెయ్యి మందిని అడిగి మూడు శాతం అటూ ఇటూగా ఓట్ల వాటా చెప్పవచ్చని గణితం అంటుంది. గణితాన్ని మేం తప్పుపట్టడం లేదు. అయితే ఈ లెక్కలో మూడు గోతులు ఉన్నాయి. మూడూ జగ్గయ్యపేట, నందిగామల్లోనే చూపిస్తాం.

మొదటిది, ఓట్లు వేరు, సీట్లు వేరు. 2019లో తెలుగుదేశానికి ఆంధ్రలో సుమారు 39 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా సుమారు 39 శాతమే వచ్చాయి, సీట్లు 11. ఊళ్లో పది మందిలో నలుగురు నీ వాళ్లే అయినా అసెంబ్లీలో నీ బెంచీ ఖాళీగా ఉండవచ్చు. ఇక ఒక్కో నియోజకవర్గానికి దిగితే లెక్క మరీ సన్నం. 2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం తేలింది 25 ఓట్లతో. 25 ఓట్లు! ఒక పెళ్లి వ్యానులో పట్టేంత మంది. దాన్ని ఏ సర్వే పట్టుకుంటుంది?

రెండోది, ఈ మెట్ట ఓటరు ఒకే రోజు రెండు మాటలు చెప్పగలడు. 2009లో జగ్గయ్యపేట, నందిగామ రెండు చోట్లా ఎమ్మెల్యేలుగా తెలుగుదేశం వాళ్లు గెలిచారు. ఎంపీ మాత్రం కాంగ్రెస్ లగడపాటే. 2019లో అదే తిరగబడింది. రెండు చోట్లా ఎమ్మెల్యేలు వైఎస్సార్ కాంగ్రెస్, విజయవాడ ఎంపీ మాత్రం 8,726 ఓట్లతో తెలుగుదేశం కేశినేని నాని. అంటే ఎవరికి ఏ ఓటు వేయాలో విడదీసి చూసుకునే జనం వీళ్లు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లు ఎవరు తెస్తారు, పత్తికి, మిరపకు ధర ఎవరు చూస్తారు, పిలిస్తే ఎవరు పలుకుతారు అని ఒక్కో మనిషినీ ఒక్కో గీటురాయి మీద గీసి చూస్తారు. 2009లో ఆ విడదీసిన ఓటుతోనే లగడపాటి రెండోసారి పార్లమెంటుకు పోయారు. తనను గెలిపించిన ఆ తెలివినే పదేళ్ల తర్వాత ఆయన చదవలేకపోయారు.

మూడోది అన్నిటికంటే పెద్దది. అడిగినవాడికి ఓటరు నిజం చెప్పాలని ఎక్కడ రాసి ఉంది? చేతిలో ట్యాబుతో వచ్చినవాడు ముందు పేరు అడుగుతాడు, తర్వాత కులం, తర్వాత ఫోను నంబరు, తర్వాత పింఛను వస్తున్నదా అని, చివరికి ఓటు ఎవరికని. ఇన్ని రాసుకున్నవాడు ఎవరి మనిషో తెలియకుండా ఏ ముసలమ్మ నోరు విప్పుతుంది? 'మీకే బాబూ' అంటుంది. రేపు ఇంకొకడు వస్తే వాడికీ 'మీకే' అంటుంది. అది అబద్ధం కాదు, ఆత్మరక్షణ. నందిగామ 2009 నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన నియోజకవర్గం. అందులోనిదే కంచికచర్ల. 1968లో దొంగతనం మోపి కోటేశు అనే దళితుణ్ణి సజీవంగా కాల్చి చంపిన ఊరు. ఆ గడ్డ మీద కూలి చేసుకునే మనిషికి మౌనం ఎందుకు అలవాటయిందో హైదరాబాదు ఏసీ గదిలో కూర్చుని పట్టికలు గీసేవాడికి అర్థం కాదు. తాను ఎవరికి ఓటు వేశాడో చెప్పమని ఎవరినీ నిర్బంధించరాదని ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షను చెబుతున్నది. కోర్టు బోనులో నిలబెట్టి కూడా అడగరాని ప్రశ్నను గుమ్మంలో నిలబెట్టి అడుగుతున్నారు.

ఇంకో మాట. అడగడానికి మనిషి ఇంట్లో ఉండాలి కదా. ఈ మెట్ట ఊళ్ల నుంచి ఎందరో హైదరాబాదులో కూలీలుగా, డ్రైవర్లుగా, గుమాస్తాలుగా బతుకుతున్నారు. సర్వే వాడు వచ్చిన రోజు ఆ ఇంటికి తాళం. పోలింగు రోజుకు మాత్రం వాళ్లు ఊళ్లో ఉంటారు. 2024 మే 13న ఓటు వేయడానికి ఆంధ్రకు బయలుదేరిన బండ్లతో విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర కిలోమీటర్ల కొద్దీ వరుసలు కట్టిన సంగతి మనం చూశాం. తాళం వేసిన ఇల్లు సర్వేలో సున్నా. పెట్టెలో అది నాలుగు ఓట్లు.

ఇంతా చేసి ఈ విమర్శ ఆంధ్ర నాయకుడి మీదే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మన నాయకులు అధికారం చేతికి రాగానే ఏం చేశారు? ఎమ్మెల్యేల పనితీరుకు సర్వే, టికెట్టుకు సర్వే, ముందస్తుకు సర్వే. జనం దగ్గరకు పోయి అడిగే తీరిక లేనివాడికి సర్వే ఒక దారి. 2022 మార్చిలో కే.సీ.ఆర్. స్వయంగా విలేకరుల ముందు ప్రశాంత్ కిశోర్ తన మిత్రుడని, డబ్బు తీసుకోకుండా తనతో కలిసి పనిచేస్తున్నారని చెప్పారు. డప్పు కొట్టి, ధూంధాం ఆడి, ధర్నాచౌకులో కూర్చుని రాష్ట్రం తెచ్చుకున్న గడ్డ మీద ప్రజల మనసు తెలుసుకోవడానికి బయటి మనిషి అవసరమైంది! 2023 డిసెంబరులో ఫలితం తెలిసిందే. కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39. గెలిచిన కాంగ్రెస్ వెనక కూడా సునీల్ కనుగోలు అనే వ్యూహకర్త ఉన్నాడు. అంటే ఓడినవాడికీ, గెలిచినవాడికీ ఇద్దరికీ ఇప్పుడు కార్యకర్త కంటే కన్సల్టెంటు దగ్గర.

ఆంధ్రలో కూడా ఇదే తంతు. 2017 జూలైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీలో జగన్ ప్రశాంత్ కిశోర్‌ను పార్టీ నాయకులకు పరిచయం చేశారు. 2019లో 151 సీట్లు వస్తే అదంతా వ్యూహం మహిమ అన్నారు. 2024లో మళ్లీ సర్వేల పేరు చెప్పి పదుల సంఖ్యలో అభ్యర్థులను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చారు. 11 సీట్లు మిగిలాయి. అప్పుడు ఆ సర్వేల మహిమ ఎటు పోయింది? గెలిస్తే వ్యూహం, ఓడితే ప్రజలు మోసపోయారు. జోస్యం చెప్పేవాళ్లకు ఏనాడూ నష్టం రాని వ్యాపారం ఇది. ఇతరులకు గెలుపు దారి చూపించిన ప్రశాంత్ కిశోర్ 2025 నవంబరులో సొంత బీహార్‌లో జన్ సురాజ్ పార్టీతో ప్రజల ముందుకు పోయారు. 243 సీట్ల అసెంబ్లీలో ఆయన పార్టీకి ఒక్క సీటూ రాలేదు. ఊరూరా నడిచిన మనిషే అయినా రాలేదు. లెక్క తెలియడం వేరు, జనం తనవాడనుకోవడం వేరు.

ఇక్కడ నష్టపోతున్నది ఎవరు? మొదట కార్యకర్త. పదిహేనేళ్లు జెండా మోసి, కేసులు మోసి, సమావేశానికి కుర్చీలు మోసినవాడికి టికెట్టు లేదంటే, ఎందుకని అడిగే హక్కు కూడా లేదు. 'సర్వేలో నీ పేరు రాలేదు.' ఆ సర్వే చూపించమంటే చూపించరు. పార్టీలో ప్రజాస్వామ్యం ఏనాడో సన్నగిల్లింది. ఉన్న కాస్తా ఈ మూసిన కవరులోకి పోయింది. రెండో నష్టం ఓటరుకు. గెలిచేవాడు వీడేనని పోలింగుకు మూడు రోజుల ముందు చెవిలో ఊదితే తేల్చుకోని ఓటరు తడబడతాడు, డబ్బు గెలిచే వైపు దొర్లుతుంది, బూతులో కూర్చోవాల్సిన మనిషి ఇంట్లో కూర్చుంటాడు. చెప్పింది తప్పని తర్వాత తేలినా చెప్పినవాడికి శిక్ష లేదు. ఒక ప్రకటన ఇచ్చి తప్పుకుంటే సరి.

చట్టం ఏమంటున్నది? పోలింగు మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోలు ప్రకటించరాదు. 126ఏ సెక్షను ప్రకారం రెండేళ్ల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. పోలింగు ముగిసే ముందు 48 గంటల్లో ఒపీనియన్ పోలు ఫలితాల ప్రసారానికీ అడ్డు ఉంది. ఇదంతా ఎప్పుడు చెప్పకూడదో చెప్పే చట్టమే. ఎలా చేశావో చెప్పు అని నిలదీసే చట్టం లేదు. సర్వే చేసేవాళ్లు తమ పద్ధతినీ, ఎందరిని అడిగిందీ, మిగతా వివరాలనూ వెల్లడించాలని లా కమిషన్ 2015 మార్చిలో ఇచ్చిన 255వ నివేదికలో సిఫారసు చేసింది. అది అటక మీదే ఉంది. దించే ఆసక్తి ఏ పార్టీకీ లేదు. ఎందుకుంటుంది? అన్ని పార్టీలూ ఆ దుకాణంలో ఖాతాదారులే.

ఉద్యోగ మిత్రులకు ఒక విషయం గుర్తుచేస్తున్నాం. ఎన్నికల డ్యూటీ చేసిన ప్రతి ఒక్కరికీ ఫారం 17సి తెలుసు. పోలింగు ముగియగానే ఆ బూతులో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, సంతకం చేసి, అక్కడున్న ఏజెంట్లకు నకలు ఇస్తారు. రాత్రి ఎంత పొద్దుపోయినా, బస్సు ఎంత తొందరపెట్టినా ఇచ్చి తీరాలి. ఒక్క ఓటు తేడా వచ్చినా ఎవరైనా నిలదీయవచ్చు. ఒక బడిపంతులు, ఒక గుమాస్తా చెమటోడ్చి రాసే ఆ కాగితం మీదే ఈ దేశపు ఎన్నిక నిలబడి ఉంది. మరి కోట్ల ఓట్ల మీద తీర్పు చెప్పే సర్వేకు 17సి ఏది?

మా డిమాండు అదే. సర్వేలను నిషేధించమని మేం అడగడం లేదు. అడగడమూ, చెప్పడమూ అందరి హక్కే. కానీ సర్వేకు కూడా ఒక 17సి కావాలి. ఎవరి డబ్బుతో చేశారు, ఏ తేదీల్లో చేశారు, ఏ ఊళ్లలో ఎందర్ని అడిగారు, జవాబు చెప్పనివాళ్లు ఎందరు, తాళం వేసిన ఇళ్లు ఎన్ని, ఏ ప్రశ్న ఏ మాటల్లో అడిగారు. ఫలితం చెప్పిన గంటే ఈ కాగితమూ ఎన్నికల సంఘం ముందు పెట్టాలి. తన ఆసక్తి కొద్దీ చేయించానని చెప్పుకునేవాడికి కూడా మినహాయింపు వద్దు. ఓటరు పేరు, ఫోను నంబరు మాత్రం ఎక్కడా మిగలకూడదు. పార్టీ టికెట్టుకు సర్వే చేయిస్తే ఆ సర్వేను ఆ నియోజకవర్గం కార్యకర్తల ముందు పెట్టాలి. అంతవరకు సర్వే అంటూ వచ్చే ఏ అంకెనైనా ప్రచార కరపత్రంగానే చూడాలి. పత్రికలూ, టీవీలూ దాన్ని వార్తగా మోయకూడదు. మేమూ ఆ నియమం పాటిస్తాం.

విద్యార్థులకు ఇంకో మాట. ఎన్నికలు వస్తే రోజుకు ఇంత అని ఇచ్చి ట్యాబులు చేతికి ఇచ్చి ఊళ్లకు పంపేది మిమ్మల్నే. ఉద్యోగాలు లేని రోజుల్లో ఆ కూలి వద్దని మేం అనలేం. కానీ పోయిన ప్రతి గుమ్మంలో ఎవరి తరఫున వచ్చారో చెప్పండి. చెప్పవద్దని మీకు చెబితే ఆ పని మీది కాదు. ఇంట్లో కూర్చుని కాగితాలు నింపవద్దు. చెప్పనని అన్న ముసలమ్మను రెండోసారి అడగవద్దు. ఆమె మౌనాన్ని మౌనంగానే రాయండి. దాన్ని ఏదో ఒక పార్టీ గడిలోకి తోస్తే సర్వే తప్పుతుంది.

ఆంధ్ర ప్రజల మీద మాకు ఏనాడూ ద్వేషం లేదు. విడిపోయి కలిసుందామన్న మాట మేం నమ్మి అన్నదే. 2022 ఏప్రిల్ 4 నుంచి జగ్గయ్యపేట, నందిగామలు కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. గరికపాడు దగ్గర ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దు. అయినా ఆ మెట్ట రైతుకూ, కోదాడ రైతుకూ కష్టం ఒకటే. చివరి భూమికి రాని కాలువ నీళ్లు, పలకని పత్తి ధర, పొరుగూరికి పోయిన కొడుకు. ఈ ఇద్దరి మనసులూ తనకు తెలుసని లెక్కలు వేసిన పెద్దమనిషిని ఒకరు 2018లో, ఇంకొకరు 2019లో తప్పని తేల్చారు. కూడబలుక్కుని చేయలేదు. ఎవరి బూతులో వాళ్లు, తెర వెనక ఒంటరిగా నిలబడి చేశారు.

ఆ తెర వెనకకు ఇంతవరకు ఏ ఆక్టోపస్ చెయ్యీ చేరలేదు. చేరకుండా కాపాడుకోవడం మన పని.